అప్‌డేట్: క్యాబినెట్ తాకితే షాక్ – కారణం దొరికింది

డెస్క్‌టాప్ క్యాబినెట్ వెనుక మరలు తాకితే చేయి జివ్వుమంటోందని, పిల్లలను దగ్గరికి రానివ్వాలంటే భయమేస్తోందని ఇదివరకు ఇక్కడ అడిగాను. ముందు ఎర్తింగ్ చూపించమన్న వారందరికీ కృతజ్ఞతలు. మీ మాటే నిజమైంది.

ఎలక్ట్రీషియన్ సాకెట్ విప్పితే, పై పెద్ద రంధ్రానికి బిగించాల్సిన పచ్చ ఎర్త్ తీగ గోడలో మడిచిపెట్టి ఉంది. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే పవర్ సప్లై) లోని ఫిల్టర్ కెపాసిటర్ల గుండా కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ లోహపు పెట్టెకు చేరుతూనే ఉంటుంది. ఎర్త్ ఉంటే భూమిలోకి పోతుంది, లేకుంటే తాకినవారి ఒంట్లోంచి పోతుంది. మీటరు పెడితే పెట్టెకూ భూమికీ మధ్య 100 వోల్టులు దాటింది! తీగ బిగించాక దాదాపు సున్నా.

అంతకుముందు వచ్చినాయన ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు (కరెంటు తిరిగి వెళ్లే తీగకు) కలిపేస్తే చాలన్నారు. దయచేసి ఎవరూ ఒప్పుకోకండి. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే పెట్టె మొత్తానికి 230 వోల్టులు వచ్చేస్తాయి, ప్రాణాలకే ముప్పు. తీగ ఎర్త్ గుంత దాకా అందుతోందో లేదో కూడా పరీక్ష చేయించాను. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ కూడా పెట్టించాం.