చైన్ బిగింపు: పార్కింగ్‌లో మనమే చేసుకోవాలా, మెకానిక్‌కే వదిలేయాలా?

కేఆర్‌పురం కమ్యూటర్:
నాది 150 సీసీ బండి, వెనక డ్రమ్ బ్రేక్, సెంటర్ స్టాండ్ ఉంది. రోజూ ఔటర్ రింగ్ రోడ్డు మీద మారతహళ్లి దాకా పోయి రావాలి. హంప్ ఎక్కి దిగినప్పుడల్లా చైన్ కవర్‌కి తగిలి గలగలమంటోంది. రింగు పానాలు కొని ఇంట్లోనే బిగిద్దామంటే రూమ్మేట్ "వెనక చక్రంతో ఆటలొద్దు, షెడ్డుకి తీసుకెళ్లు" అంటున్నాడు. బెంగళూరులో ఉన్న మన తెలుగోళ్లు ఏం చేస్తున్నారు? ఎవరి మాట వినాలి?

పెనుకొండ పిల్లోడు:
రూమ్మేట్ మాటే. యాభయ్యో వందో పారేస్తే పది నిమిషాల్లో పని అయిపోతుంది. ఆదివారం పొద్దున చేతులు నల్లగా చేసుకుని ఏం సాధిస్తావు బ్రో?

హెబ్బాళ్ రైడర్:
వందకి నేనూ వెనకాడను. ఆ పది నిమిషాల్లో వాళ్లు చేసే పనే నాకు నచ్చదు. రద్దీగా ఉన్న షెడ్డులో నిలబడి చూడండి. కుర్రాడు వచ్చి చైన్‌ని రెండు వేళ్లతో ఓసారి ఎత్తి, అడ్జస్టర్లు తిప్పి, వీణ తీగలా బిగించి పంపేస్తాడు. శబ్దం పోయింది కదా అని మనమూ సంతోషపడతాం.

శబ్దం ఆగినంత మాత్రాన చైన్ బాగున్నట్టు కాదు. వెనక సస్పెన్షన్ కుంగుతున్న కొద్దీ ఇంజిన్ దగ్గరి చిన్న స్ప్రాకెట్‌కీ (చైన్ పట్టే పళ్ల చక్రం) వెనక యాక్సిల్‌కీ (చక్రం ఇరుసు) మధ్య దూరం మారుతూ ఉంటుంది. చిన్న స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి పైకీ కిందికీ ఊగే చెయ్యి) కీలు, వెనక యాక్సిల్ మూడూ ఒకే గీత మీదకి వచ్చిన క్షణంలో చైన్ అన్నిటికంటే ఎక్కువ బిగుస్తుంది. వెనక ఒకరిని ఎక్కించుకుని గుంతలో పడ్డామంటే జరిగేది అదే. నిలబెట్టిన బండిలోనే వదులు లేకపోతే ఆ భారమంతా గేర్‌బాక్స్ షాఫ్ట్ బేరింగ్ మీదా చక్రం బేరింగ్ మీదా పడుతుంది. కొంచెం లూజుగా ఉన్న చైన్ చప్పుడు చేస్తుంది, అంతే. బిగుసుకున్న చైన్ చప్పుడు చేయకుండా ఖర్చు తెస్తుంది. (మరీ జారిపోతే స్ప్రాకెట్ మీంచి ఊడి చక్రాన్ని పట్టేస్తుంది. అది వేరే ప్రమాదం.)

చాలా కమ్యూటర్ బండ్లకి కింది వరస మధ్యలో పైకీ కిందికీ కలిపి 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట (వదులు) ఉండాలంటారు. మీ బండి అంకె మాన్యువల్‌లో ఉంటుంది, కొన్నిటికి స్వింగ్ ఆర్మ్ మీద స్టిక్కర్ కూడా అంటిస్తారు. స్కూలు స్కేలు పెట్టి కొలవొచ్చు. స్కేలు పెట్టి కొలిచే షెడ్డు నాకైతే కనపడలేదు.

జేసీ రోడ్ షెడ్డు:
కనపడలేదంటే మా షెడ్డుకి రాలేదన్నమాట సార్. స్కేలు గోడకే వేలాడుతుంటుంది. టైటు గురించి మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం, ఒప్పుకుంటా. ఇంట్లో చేసుకుని మా దగ్గరికి వచ్చే బండ్ల సంగతి కూడా వినండి.

తమ్ముడిది డ్రమ్ బ్రేక్ అన్నాడు. చైన్ బిగించాలంటే చక్రం వెనక్కి జరగాలి కదా. జరిగితే బ్రేక్ రాడ్ లాగినట్టవుతుంది, పెడల్ ఆట తగ్గిపోతుంది. దాని నట్టు వదులు చేసి ఆట మళ్లీ సరిచేయాలి. చాలా బండ్లకి అది కూడా 20-30 మిల్లీమీటర్లే. అది మర్చిపోతే బ్రేక్ షూ డ్రమ్‌కి రాసుకుంటూనే తిరుగుతుంది. సిల్క్ బోర్డు చేరేసరికి డ్రమ్ చెయ్యి పెట్టలేనంత కాలిపోయి, మైలేజీ పడిపోయిందని ఇంజిన్ మీద అనుమానంతో వస్తారు. చైన్ బిగించానన్న మాట మనం అడిగితే గానీ చెప్పరు.

ఇంకోటి, కొన్ని బండ్లకి స్ప్రాకెట్ వైపు యాక్సిల్ మీద స్లీవ్ నట్టు విడిగా ఉంటుంది. దాన్ని వదలకుండా అడ్జస్టర్ బోల్టు మీద బలం పెడితే మరలు పోతాయి. టార్క్ రాడ్ (బ్రేక్ ప్లేటు తిరక్కుండా పట్టే కడ్డీ) బోల్టు, స్ప్లిట్ పిన్ను (నట్టు ఊడకుండా పెట్టే పిన్ను) సంగతి సరేసరి. పాత పిన్నునే వంచి పెడతారు, అది విరిగేదాకా ఆగాలి.

పెనుకొండ పిల్లోడు:
చూశారా. నేను చెప్పిందే షెడ్డన్న వివరంగా చెప్పాడు.

హెబ్బాళ్ రైడర్:
షెడ్డన్నా, ఇవన్నీ ఎలా చేయాలో చెబుతున్నట్టే ఉంది గానీ చేయొద్దని చెప్పినట్టు లేదు. మాన్యువల్‌లో ఉన్న మెట్లే కదా ఇవి? మనిషి తన బండికి తొందర పడకుండా చేసుకుంటాడు. మీ షెడ్డులో సాయంత్రం ఆరింటికి పది బండ్లు లైన్లో ఉంటే పదో బండికి స్కేలు దిగుతుందా, నిజం చెప్పండి.

వైట్‌ఫీల్డ్ వాసి:
మా అపార్ట్‌మెంట్‌లో బేస్‌మెంట్‌లో నూనె చుక్క పడితే అసోసియేషన్ నోటీసు అంటిస్తుంది. నేను కింద అట్టపెట్టె పరిచి చేసుకుంటాను, ఇంతవరకు ఏ గొడవా లేదు. కాబట్టి చోటు లేదనే సాకు నా దగ్గర చెల్లదు.

కేఆర్‌పురం గారూ, పానా పట్టుకునే ముందు చైన్ శుభ్రం చేసి చూడండి. మట్టి పట్టి ఎండిపోయిన చైన్ కూడా అలాగే గలగలమంటుంది. ఓ-రింగ్ చైన్ అయితే పెట్రోల్, ఇనప బ్రష్షు జోలికి పోవద్దు, రబ్బరు రింగులు పాడవుతాయి. కిరసనాయిలు పాత బట్టకి తడిపి తుడవండి, దొరక్కపోతే చైన్ క్లీనర్ డబ్బా కొనండి. తర్వాత చైన్ ల్యూబ్ గానీ 90 నంబరు గేర్ ఆయిల్ గానీ లోపలి వైపు పట్టించండి.

ఒక్క విషయం మాత్రం ఖచ్చితంగా చెప్తాను: ఇంజిన్ ఆన్ చేసి, గేరు వేసి, తిరిగే చైన్‌కి బట్ట పెట్టి తుడిచే వీడియోలు వస్తుంటాయి. దయచేసి అలా చేయకండి. బట్ట స్ప్రాకెట్‌లోకి పోతే దాన్ని పట్టుకున్న వేళ్లు కూడా పోతాయి. న్యూట్రల్‌లో పెట్టి చక్రాన్ని చేత్తోనే తిప్పాలి.

జేసీ రోడ్ షెడ్డు:
మేడం మాట బంగారం. హెబ్బాళ్ సార్ అడిగినదానికి, పదో బండికి స్కేలు దిగదు, నిజమే. అందుకే పొద్దున్నే రమ్మంటాను.

ఎలక్ట్రానిక్ సిటీ నైట్ షిఫ్ట్:
టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) లేకుండా యాక్సిల్ నట్టు ముట్టుకోకూడదని నా అభిప్రాయం. వేలు పోసి అది కొనే బదులు షెడ్డే నయం.

హెబ్బాళ్ రైడర్:
అద్దెకో అరువుకో దొరుకుతుంది. అయినా షెడ్డుల్లో యాక్సిల్‌కి టార్క్ రెంచి ఎంతమంది వాడుతున్నారో షెడ్డన్నే చెప్పాలి :)

కేఆర్‌పురం కమ్యూటర్:
అందరికీ థ్యాంక్స్. ఈ రోజు చైన్ తుడిచి, సెంటర్ స్టాండ్ వేసి కొలిచాను. ఒక చోట ఆట 25 మిల్లీమీటర్లే ఉంది. చక్రం సగం తిప్పితే 40 దాటుతోంది. ఇందులో ఏ అంకె లెక్క?

జేసీ రోడ్ షెడ్డు:
బిగుతుగా ఉన్న చోటే లెక్క. లూజు చోట చూసి బిగిస్తే బిగుతు చోట పట్టేస్తుంది. కానీ ఇంత తేడా ఉంటే అది అడ్జస్ట్‌మెంట్‌తో పోయేది కాదు తమ్ముడూ. చైన్ ఒక్కో చోట ఒక్కోలా సాగింది. వెనక స్ప్రాకెట్ మీద చైన్‌ని వెనక్కి లాగి చూడు, పన్ను సగానికి పైగా బయటపడితే పని అయిపోయినట్టే. మీది 428 సైజు చైన్ అయితే 20 లింకులు కొలువు. కొత్తలో 254 మిల్లీమీటర్లు ఉంటుంది. 259 దాటితే మార్చాల్సిందే.

కేఆర్‌పురం కమ్యూటర్:
260 వచ్చింది అన్నా. పన్ను కూడా కనిపిస్తోంది.

పెనుకొండ పిల్లోడు:
చైన్ ఒక్కటీ మార్చేయ్ బ్రో, చౌకలో పోతుంది.

హెబ్బాళ్ రైడర్:
వద్దు. అరిగిన స్ప్రాకెట్ల మీద కొత్త చైన్ వేస్తే అదీ త్వరగానే అరుగుతుంది. రెండు స్ప్రాకెట్లతో కలిపి సెట్టుగా మార్చండి. కిట్ మార్చడం కూడా ఇంట్లో అయ్యే పనే. లాక్ లింక్ (చైన్ రెండు కొసల్ని కలిపే లింకు) క్లిప్పు మూసి ఉన్న వైపు చైన్ కదిలే దిశలో ఉండాలి, అంతే చూసుకోవాల్సింది.

జేసీ రోడ్ షెడ్డు:
అంతే కాదు సార్. ముందు స్ప్రాకెట్ బోల్టులు ఎంత గట్టిగా పట్టుకుంటాయో మొదటిసారి విప్పేవాడికి తెలియదు. తమ్ముడూ, కిట్ కొనుక్కుని శనివారం ఎనిమిదింటికి రా. స్ప్రాకెట్లు నేను వేస్తా. చైన్ ఆట, బ్రేక్ రాడ్ నువ్వు పెట్టు, నేను చూస్తా. ఆ తర్వాత నుంచి ఇంట్లోనే చేసుకో.

హెబ్బాళ్ రైడర్:
నేనూ వస్తా. ఆ స్కేలు గోడకి ఉందో లేదో చూడాలి.