నల్లరేగడిలో పెరటి సామాను షెడ్డుకు ఫుటింగులు ఎంత లోతుకు దించాలి?

అడిగినవారు: పలనాటి పెరడు

నమస్కారం. మాది నరసరావుపేటకు దగ్గరలోని పల్లె. ఇంటి వెనుక పెరట్లో, వేపచెట్టు పక్కన, 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పుతో సామాను పెట్టుకోవడానికి ఒక షెడ్డు వేయించాలనుకుంటున్నాను. తైవాన్ స్ప్రేయరు, డ్రిప్పు పైపుల చుట్టలు, ఎరువుల బస్తాలు, పారలు, గునపాలు అన్నీ ఇప్పుడు వరండాలోనే పడి ఉండటంతో మనిషి కూర్చోవడానికి చోటు లేకుండా పోయింది. ఇటుక గోడలేమీ లేవు; ఇనుప గొట్టాలతో చట్రం, పైనా పక్కలా రేకులు, మొత్తం ఆరు స్తంభాలు.

"రేకుల షెడ్డుకు బరువేముంటుంది, రెండడుగులు తవ్వి కాంక్రీటు పోస్తే చాలు" అని మేస్త్రీ గారు అంటున్నారు. ఆయన పనితనం మీద నాకు అనుమానం లేదు గానీ, మా నేల మీదనే నమ్మకం లేదు. ఇది పక్కా నల్లరేగడి. ఏప్రిల్ వచ్చేసరికి పెరట్లో నెర్రెలు విచ్చి, చేయి పెడితే మణికట్టు దాకా దిగుతుంది. పదేళ్ల కిందట కట్టిన ప్రహరీ గోడ రెండు చోట్ల వేలు దూరేంతగా పగిలింది. ఇంత తేలికైన షెడ్డుకు కూడా లోతు పునాది అవసరమా, లేక నేను అనవసరంగా భయపడుతున్నానా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

నంద్యాల వైపు రైతు:

మీరు అనవసరంగా భయపడటం లేదండీ. మాదీ రేగడే. ఏడేళ్ల కిందట బోరు మోటారు స్టార్టరు కోసం, మందు డబ్బాల కోసం చిన్న రేకుల గది వేయించాను. అప్పుడు కూడా ఇదే మాట, రెండడుగులు చాలని. మే నెలలో, నేల ఎండి బిగుసుకుపోయి ఉన్నప్పుడు, నాలుగు గుంతలు తవ్వి, కాంక్రీటు పోసి, స్తంభాలు నిలబెట్టారు. ఆ ఏడు వానలు పడేదాకా గది చక్కగా ఉంది. ఆగస్టులో ఒకరోజు తలుపు వేయబోతే గడియ దాని రంధ్రంలోకి వెళ్లలేదు. కాలువ వైపు మూల అంగుళానికి పైగా పైకి లేచింది. ఆకురాయితో రంధ్రాన్ని పైకి సాగదీశాను. మళ్లీ ఎండాకాలానికి ఆ మూల దిగింది, కానీ మునుపటి చోటికి రాలేదు; ఈసారి రంధ్రాన్ని కిందికి సాగదీశాను. అలా ఏటేటా రాకుతూ పోతే ఇప్పుడది గుండ్రటి రంధ్రం కాదు, పొడవాటి చీలిక అయింది. గది పడిపోలేదు, పని జరుగుతూనే ఉంది. అయితే ఏ మూల ఎప్పుడు లేస్తుందో మా ఇంట్లో అందరికీ తెలిసిపోయింది.

విశ్రాంత ఇంజినీరు, గుంటూరు:

పై మిత్రుడు చెప్పిన గడియ సంగతిలోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది. మామూలు నేలలో పునాది పని పై బరువును కిందికి దించడం. రేగడిలో, అందులోనూ తేలికైన షెడ్డుకు, పునాది పని వేరు: షెడ్డును కింద పట్టి ఉంచడం, కదిలే మట్టికి అందకుండా దాటించడం. మీ మేస్త్రీ గారు బరువు లేదు కనుక లోతు అక్కరలేదని అంటున్నారు. బరువు లేకపోవడమే ఇక్కడ అసలు చిక్కు.

రేగడిలో మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమట్టి ఖనిజం ఉంటుంది. దాని పొరల మధ్యకు నీరు చేరితే మట్టి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. ఉబ్బకుండా అడ్డుకుంటే అది ఇచ్చే ఒత్తిడి చదరపు మీటరుకు పది టన్నులు దాటడం అరుదేమీ కాదు. మీ ఫుటింగు, అంటే స్తంభం కింద వెడల్పుగా పోసే కాంక్రీటు దిమ్మ, మూడడుగుల చదరం అనుకుంటే, దాని అడుగున ఎనిమిది టన్నుల తోపుడు. మీ రేకులూ గొట్టాలూ అన్నీ కలిపినా టన్ను ఉండదు. రెండంతస్తుల ఇల్లయితే తన బరువుతో కొంతవరకు అణిచి ఉంచుతుంది, షెడ్డు అణచలేదు. అందుకే మీ ప్రహరీ పగిలినా ఇంటి గోడలు బాగానే ఉండి ఉంటాయని నా ఊహ.

ఇక గాలి. కట్టడాల మీద గాలి భారానికి సంబంధించిన భారత ప్రమాణం ఐ.ఎస్. 875 మూడవ భాగం ప్రకారం విజయవాడకు ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44, కర్నూలుకు 39. యాభై మీటర్ల గాలి ఒక చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల ఒత్తిడి చూపుతుంది. మీ కప్పు పద్దెనిమిదిన్నర చదరపు మీటర్లు కనుక తుపాను రోజున పైకి లాగే బలం మూడు టన్నులకు దగ్గరగా వస్తుంది, తలుపు తెరుచుకుని గాలి లోపలికి దూరితే ఇంకా ఎక్కువ. మూడడుగుల చదరం, అడుగు మందం ఉన్న ఒక్కో ఫుటింగు 600 కిలోలు తూగుతుంది. ఆరు ఫుటింగులు, వాటి మీది పొట్టి పిల్లర్లు కలిస్తే ఐదు టన్నులు దాటుతుంది. అంటే ఆ కాంక్రీటు కింద ఆనిక కోసం ఎంత అవసరమో, పైన లంగరుగానూ అంతే అవసరం.

లోతు సంగతికి వస్తే, ముందు ఒక మూల గునపంతో పరీక్ష గుంత తవ్వించండి. మీ ప్రాంతంలో చాలా చోట్ల రేగడి కింద సుద్ద, అంటే ఉబ్బని తెల్లటి సున్నపు మట్టి పొర, తగులుతుంది. అది ఐదారు అడుగుల్లోపు ఉంటే, ఫుటింగును దాని మీదికే దించడం అన్నిటికన్నా ఉత్తమం. సుద్ద దొరకనంత లోతు రేగడి ఉంటే అండర్-రీమ్డ్ పైలు అనే పద్ధతి ఉంది. నేలలో కనీసం 3.5 మీటర్ల లోతుకు ఆగరుతో, అంటే నేలను తొలిచే పెద్ద బరమాతో, రంధ్రం దింపి, అడుగున కాండానికి రెండున్నర రెట్ల వెడల్పుతో బల్బు తొలిచి కాంక్రీటు నింపుతారు. రూర్కీలోని కేంద్రీయ భవన పరిశోధన సంస్థ ఈ పద్ధతిని మన దేశంలో వ్యాప్తిలోకి తెచ్చింది. సామాను షెడ్డుకు అంత దూరం పోనవసరం రాకూడదనే నా ఆశ.

నేల ఎంత ఉబ్బుతుందో మీరే ఇంట్లో చూసుకోవచ్చు. ఎండబెట్టి మెత్తగా జల్లించిన మట్టి పది గ్రాముల చొప్పున రెండు కొలగొట్టాల్లో వేసి, ఒకదాన్ని 100 మిల్లీలీటర్ల గుర్తు దాకా నీటితో, రెండవదాన్ని కిరోసిన్‌తో నింపి, గాలి బుడగలు పోయేలా కలిపి, ఒక రోజంతా కదపకుండా ఉంచండి. కిరోసిన్‌లో రేగడి ఉబ్బదు. రెండింటి అడుగున మట్టి ఎత్తుల తేడాను కిరోసిన్ ఎత్తుతో భాగిస్తే ఉబ్బు శాతం వస్తుంది. యాభై దాటితే అది చాలా ప్రమాదకరమైన మట్టి కిందే లెక్క.

పలనాటి పెరడు:

ఇంత వివరంగా చెప్పినందుకు కృతజ్ఞుణ్ణి. మా ఊళ్లో కిరోసిన్ వెదకడమే రెండు రోజుల పని అయింది, కొలగొట్టాలు మా అమ్మాయి చదివే కళాశాల ప్రయోగశాల నుంచి అడిగి తెచ్చాం. మట్టి కిరోసిన్‌లో 11 మిల్లీలీటర్ల గుర్తు దాకా, నీటిలో 19 దాకా వచ్చింది. పరీక్ష గుంతలో ఐదడుగుల నాలుగు అంగుళాల దగ్గర తెల్లటి సుద్ద తగిలింది. ఇప్పుడు ఫుటింగు చుట్టూ తవ్విన మట్టినే తిరిగి నింపవచ్చా? సిమెంటు ఎన్ని బస్తాలు పడుతుంది?

విశ్రాంత ఇంజినీరు, గుంటూరు:

మీ లెక్కన 72 శాతం దాటింది, కనుక రెండడుగుల మాట ఇక మరచిపోవచ్చు. ఐదున్నర అడుగులు తవ్వి సుద్దలో నాటుకోండి.

తవ్విన రేగడిని తిరిగి గుంతలో వేయవద్దు. అడుగున ఉబ్బు లేకపోయినా, పిల్లరు చుట్టూ ఉన్న రేగడి దాన్ని పట్టుకుని తనతోపాటు పైకి లాగుతుంది. చాలామంది ఇసుక నింపుతారు. ఇసుక ఉబ్బదు, నిజమే, కానీ వాన నీళ్లన్నీ ఆ గుంతలోకి చేరి కుండలో నిలిచినట్టు నిలుస్తాయి, చుట్టూ ఉన్న రేగడి తీరిగ్గా తాగుతుంది. ఎర్ర గ్రావెల్, అంటే తెలంగాణలో మొరం అనేది, ఇంతకంటే నయం. ఐ.ఐ.టి. బొంబాయిలో ఆచార్య ఆర్.కె. కట్టి గారు ఉబ్బని జిగురు మట్టి పొరను రేగడి మీద పరచి కాలువల గట్లకు, అడుగులకు వాడే విధానాన్ని రూపొందించారు. మొరం ఆ కోవలోకే వస్తుంది. ఆరంగుళాల పొరలుగా వేసి, కొద్దిగా తడిపి, ప్రతి పొరనూ దిమ్మిసతో గట్టిగా కొట్టించండి. పైన షెడ్డు చుట్టూ మూడడుగుల వెడల్పున వాలుగా చప్టా వేసి, కప్పు నీళ్లు గొట్టం ద్వారా దూరంగా పోయేలా చూడండి. ఈ ఒక్క పని మానేస్తే మిగిలినవన్నీ సరిగా చేసినా సగం ఫలితమే ఉంటుంది.

బస్తాల లెక్క ఇది. అడుగున 1:4:8 పాళ్లలో (సిమెంటు, ఇసుక, కంకర వరుసగా) 40 ఎం.ఎం. కంకరతో నాలుగంగుళాల బెడ్ కాంక్రీటుకు రెండున్నర బస్తాలు. దాని మీద 1:1.5:3 పాళ్లలో 20 ఎం.ఎం. కంకరతో ఆరు ఫుటింగులకు 12, అడుగు చదరం పిల్లర్లకు ఆరున్నర. చేతితో కలిపే పనికి పదోవంతు అదనం కలుపుకుని 23 బస్తాలు తెప్పించండి. ఫుటింగు జాలీకి 10 ఎం.ఎం. కడ్డీలు అటు ఏడు, ఇటు ఏడు చాలు. పిల్లరుకు 12 ఎం.ఎం.వి నాలుగు, ఆరంగుళాలకొక 8 ఎం.ఎం. రింగు. రేకుల గోడకు ప్లింత్ బీము, అంటే గోడ కింద నేల మట్టాన వేసే కాంక్రీటు దూలం, అవసరం లేదు. ఎప్పుడైనా ఇటుక గోడ కట్టదలిస్తే, బీము అడుగు నేలకు తగలకుండా కనీసం 80 మిల్లీమీటర్ల ఖాళీ వదలడం మరువవద్దు. నేలకు కాంక్రీటు గచ్చు కూడా వద్దంటాను. మీకు మాచర్ల నాపరాళ్లు దగ్గరే కదా, మొరం మీద వాటిని పరచండి. రాయి ఎక్కడైనా లేస్తే తీసి సరిచేసుకోవచ్చు.

డాలస్ నుంచి ఒక తెలుగువాడు:

ఇక్కడి నేల కూడా మీ రేగడికి చుట్టమే. ఉత్తర టెక్సాస్‌లో ఎండాకాలం ఇంటి చుట్టూ నేల బీటలిస్తుంటే, పునాది పక్కన చెమ్మ కారే రబ్బరు గొట్టం పరచి గోడ పొడవునా నేలను తడిపి ఉంచుతారు. తోటకు నీళ్లు పెట్టినట్టు పునాదికి నీళ్లు పెట్టడం చూసి మా నాన్నగారు మొదటి ఏడు ఎంతగానో నవ్వారు. ఉద్దేశం నీరు ఎక్కువ పెట్టడం కాదు, తడి ఏడాది పొడవునా ఒకే రకంగా ఉంచడం. పెరటి షెడ్లకు ఇక్కడ చాలామంది ఫుటింగు వేయరు. కంకర పరచి, దాని మీద చెక్క దుంగలపై షెడ్డును నిలిపి, గాలికి పోకుండా నేలలోకి మర లంగర్లు దించుతారు. షెడ్డు మొత్తం ఒకే పీటలా లేచి దిగుతుంది కనుక తలుపు బిగుసుకోదు. మీ ఆరు స్తంభాల చట్రానికి ఇది కుదరదనుకుంటాను, ఎందుకంటే ఒక్కో స్తంభం ఒక్కో విధంగా లేస్తుంది. వేపచెట్టు ఎంత దూరంలో ఉందో మాత్రం చూసుకోండి. చెట్టు ఒక పక్క నేలలోని నీటిని పీల్చేస్తే ఆ పక్క స్తంభాలు కుంగుతాయి.

సెంట్రింగ్ పనివాడు, తెనాలి:

ఇంజినీరు గారు లెక్కలన్నీ చెప్పారు. నేను కాంక్రీటు పోసే రోజు సంగతి చెబుతాను, ఎందుకంటే చెడేది ఆ ఒక్క రోజే.

ఐదున్నర అడుగుల గుంత పైనుంచి తట్టలు బోర్లిస్తే కంకర ఒకవైపు, జావ ఒకవైపు విడిపోతుంది. ఐదడుగులకు మించి కాంక్రీటును పడనివ్వకూడదు. ఒక పాత రేకును దోనెలా వంచి జారుడుగా పెట్టుకుంటే సరిపోతుంది. జాలీ కింద ఇటుక ముక్కలు పెడతారు, వద్దు. ఇటుక చెమ్మ పీల్చి కడ్డీకి తుప్పు తెస్తుంది. సిమెంటుతో చేసిన రెండంగుళాల కవర్ బిళ్లలే పెట్టాలి. బస్తాకు నీళ్లు 30 లీటర్లు దాటకూడదు, ఇసుక తడిగా ఉంటే అంతకన్నా తగ్గాలి. పనివాళ్లకు పార సులువుగా ఆడాలని ఇంకో బకెట్ పోయమంటారు, అక్కడే యజమాని నిలబడి ఉండాలి. చిన్న వైబ్రేటరు ఒక రోజుకు అద్దెకు దొరుకుతుంది, కడ్డీతో పొడవడం కన్నా మేలు.

ఇనుప స్తంభం అడుగున ఉండే బేస్ ప్లేటు బోల్టుల దగ్గర అందరూ పొరబడతారు. నాలుగు బోల్టులనూ విడివిడిగా కాంక్రీటులో గుచ్చితే రేపు ప్లేటు రంధ్రాల్లో కూర్చోవు. ప్లేటు కొలతకే ప్లైవుడ్ ముక్కకు రంధ్రాలు చేసి, బోల్టులు దానికి బిగించి, ఆరు పిల్లర్లకూ దారం కట్టి, కర్ణాలు సమానంగా ఉన్నాయో కొలిచి, నీళ్ల పైపుతో మట్టం చూసిన తర్వాతే పోయండి. మరలకు గ్రీజు పూసి ప్లాస్టిక్ సంచి చుట్టండి. బూడిద కలిసిన పి.పి.సి. సిమెంటయితే పది రోజులకు తగ్గకుండా, వీలైతే రెండు వారాలు తడి గోనెసంచులు కప్పి ఉంచాలి. గుంతలో నీళ్లు నిలబెట్టి క్యూరింగ్ చేయవద్దు, రేగడికి మీరే నీళ్లు పట్టినట్టవుతుంది.

పలనాటి పెరడు:

అందరికీ ధన్యవాదాలు. పరీక్ష గుంతను మేస్త్రీ గారికి చూపించి, రెండు గొట్టాలనూ పక్కపక్కన పెట్టాను. ఆయన చాలాసేపు నీళ్ల గొట్టం వైపే చూసి, "ఇన్నేళ్లుగా కడుతున్నాను గానీ మట్టి ఇలా పెరగడం కళ్లారా చూడలేదు" అన్నారు. ఐదున్నర అడుగులకు ఒప్పుకున్నారు, తవ్వకం కూలి మాత్రం వేరే అన్నారు. షెడ్డును వేపచెట్టుకు పన్నెండు అడుగులు అవతలికి జరిపి ముగ్గు పోశాం. గుంతలు తవ్విన మరునాడే బెడ్ వేయించి, వాన మబ్బు పట్టకముందే ఆరు ఫుటింగులూ ముగించాలని అనుకుంటున్నాం. ఎర్ర గ్రావెల్ రెండు ట్రాక్టర్లు నిన్న సాయంత్రం దింపించాను.