సెట్టింగ్ గైడ్‌ని తెలుగులో ఏమనాలి? నా ఓటు 'కైఫియత్తు'కి

టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో ఒక్కో ప్రాంతం గురించి విడిగా వచ్చే పుస్తకాన్ని, అంటే ఆ చోటు ఎలా ఉంటుందో చెప్పే 'రీజినల్ సెట్టింగ్ గైడ్'ని, తెలుగులో ఏమనాలని అడిగారు. ఇప్పటిదాకా ప్రదేశదర్శిని, నేపథ్య గ్రంథం, స్థలపురాణం, గజిటీరు అనే మాటలు వచ్చాయి. నేను కైఫియత్తు అంటాను. అంటే పూర్వం ఒక్కో ఊరి చరిత్ర, స్థితిగతులు రాసిపెట్టిన రాత. ఎందుకో చెప్పడానికి కాస్త చోటు కావాలి.

ఈ ఆటలు తెలియనివారి కోసం ముందు రెండు ముక్కలు. ఆట నడిపేవారు ఒకరు ఉంటారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చినప్పుడు పెట్టెలో ఆట నియమాలు ఉన్నాయి గానీ, ఆ ఆట జరిగే లోకం లేదు. లోకాన్ని ఎవరికి వాళ్ళు కల్పించుకోవాల్సిందే. 1980లో ఆ ఆట రూపకర్తల్లో ఒకరైన గ్యారీ గైగాక్స్ 'వరల్డ్ ఆఫ్ గ్రేహాక్' పేరుతో 32 పేజీల పుస్తకం, రెండు పెద్ద మ్యాపులు ఇచ్చాడు. ఎడ్ గ్రీన్‌వుడ్ చిన్నప్పటి నుంచి అల్లుకుంటూ వచ్చిన 'ఫర్‌గాటెన్ రెల్మ్స్' అనే లోకం 1987లో పెట్టెగా వచ్చింది. తర్వాత మిస్టారా అని పేరుపడిన లోకానికి 'గజిటీర్' వరుస మొదలైందీ అదే ఏడాది. ఒక్కో రాజ్యానికి ఒక్కో పుస్తకం, మొదటిది కరమేకస్ అనే డచీ (డ్యూక్ ఏలే రాజ్యం) మీద. 2015 నాటి 'సోర్డ్ కోస్ట్ అడ్వెంచరర్స్ గైడ్' కూడా ఆ దారిలోదే.

వీటిలో మన చర్చకు బాగా పనికొచ్చేది 1987 నాటి రెల్మ్స్ పెట్టె. అందులో ఒక ఊరి గురించి రాసేటప్పుడు విషయాన్ని మూడుగా విడదీస్తారు. మొదట ఊరు పైకి ఎలా కనిపిస్తుందో చెబుతారు. ఆ తర్వాత ఎల్మిన్‌స్టర్ అనే ముసలి మాంత్రికుడు ఆ ఊరి గురించి తనకు తెలిసింది చెబుతాడు. చివర్లో ఆట నడిపేవారికి కావలసిన వివరాలు ఉంటాయి. ఎల్మిన్‌స్టర్ చెప్పిందంతా నిజం కానక్కర్లేదు. ఆయన కూడా ఆ లోకంలో మనిషే, ఆయనకూ ఇష్టాయిష్టాలు ఉంటాయి. ఆయన మాట తప్పని తేల్చే హక్కు ఆట నడిపేవారికి ఉంటుంది. మంచి సెట్టింగ్ గైడ్‌కి ఇదే ప్రాణమని నా నమ్మకం. ఊరి గురించి ఎవరో చెప్పిన మాట ఉండాలి, ఆ మాటను తిరగేయడానికి సందు కూడా ఉండాలి.

ఇప్పుడు మన కైఫియత్తులకు వద్దాం. 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కర్నల్ కాలిన్ మెకంజీ కోసం, ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు, వారి సహాయకులు ఊళ్ళు తిరిగి చరిత్రలు సేకరించారు. కరణాల దగ్గర ఉన్న దండకవిలెలు (ఊరి పాత దస్త్రాలు), గుడి శాసనాలు, పెద్దల నోటి మాటలు వాళ్ళకు ఆధారాలు. ఊరు అంతకుముందు అడవిగా ఉందా, దాన్ని ఎవరు కొట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి ఎవరు మాన్యాలిచ్చారు, కరణికం ఏ ఇంటివాళ్ళ చేతిలో ఉంది, దాని మీద తగాదా ఏమిటి, ఏ ప్రభువు తర్వాత ఏ ప్రభువు వచ్చాడు, ఇవన్నీ కైఫియత్తుల్లో కనిపిస్తాయి. ఆ ప్రతులు శిథిలమవుతుంటే సి.పి. బ్రౌన్ శ్రద్ధ తీసుకుని నకళ్ళు రాయించాడు. చరిత్రకారులు వీటిని ఉన్నదున్నట్టుగా నమ్మరు, శాసనాలతో పోల్చి చూసుకుంటారు. ఊరివాళ్ళు చెప్పుకున్న కథ, జరిగిన సంగతి పక్కపక్కనే ఉండిపోయిన రాత అది. ఎల్మిన్‌స్టర్ మాటకు ఏ విలువ ఉందో కరణం మాటకూ అదే విలువ.

మాట వరకూ వస్తే, అరబ్బీలో 'కైఫ' అంటే 'ఎలా'. కైఫియత్ అంటే 'ఎలా ఉందన్నది', అంటే స్థితిగతులు. సెట్టింగ్ గైడ్ చెప్పేది అచ్చంగా అదే. అరబ్బీ మాట మనకెందుకని ఒకరు అన్నారు. జిల్లా, తాలూకా కూడా అక్కడివే కదండీ, వాటిని ఎవరూ పరాయి మాటలనుకోరు.

స్థలపురాణం మాట నాకూ ఇష్టమే. కానీ స్థలపురాణానికి ఒక తీర్మానం ఉంటుంది. క్షేత్రం గొప్పది, దేవుడు అక్కడ ఎందుకు వెలిశాడో చెబుతారు, వింటే పుణ్యమంటారు. అందులో తేలని వ్యవహారం ఉండదు. ఆటకు కావలసింది తేలని వ్యవహారమే. గజిటీరులో మరో ఇబ్బంది ఉంది. అది దొరతనం తన అవసరానికి పైనుంచి రాయించుకున్నది, మొదటి నుంచి చివరి దాకా ఒకే గొంతు. జనాభా, పంటలు, వర్షపాతం తెలుస్తాయి గానీ కరణాల మధ్య పగ లోపలి నుంచి కనిపించదు. 'దర్శిని' అనగానే యాత్రికుడి చేతిపుస్తకం గుర్తొస్తుంది, ఇక్కడ చదివేది యాత్రికుడు కాదు.

నేపథ్యం క్లుప్తంగా ఎలా ఉండాలో చూడాలంటే శ్రీనాథుడిదిగా చెప్పే ఈ చాటువు చూడండి:

చిన్న చిన్న రాళ్ళు చిల్లర దేవుళ్ళు
నాగులేటి నీళ్ళు నాపరాళ్ళు
సజ్జ జొన్న కూళ్ళు సర్పంబులును తేళ్ళు
పల్లెనాటి సీమ పల్లెటూళ్ళు

నేల, దేవతలు, ఏరు, రాయి, తిండి, దారిలో ఎదురయ్యే ప్రమాదం అన్నీ ఒక్క ఆటవెలదిలో పట్టాయి. క్రియాపదం ఒక్కటీ లేదు. చెప్పినవాడికి ఆ సీమ నచ్చలేదని కూడా తెలిసిపోతోంది. పల్నాటివాడు చెబితే పద్యం మరోలా ఉండేది. ఆ రెండో పద్యానికి చోటు ఉంచాలి. అందుకే నాకు కైఫియత్తు పద్ధతి కావాలి.

రాసి చూపించమన్నారు కాబట్టి, పూర్తిగా కల్పించిన ఊరితో ఒక నమూనా:

"జక్కులదిన్నె కైఫియత్తు. చూడగానే: ఎర్రమట్టి దిబ్బ, కింద ఎండని మడుగు, మడుగు ఒడ్డున తలుపుల్లేని గుడి. ఊరివాళ్ళ మాట: పూర్వం ఇది అరణ్యంగా ఉండగా ఇద్దరు అన్నదమ్ములు అడవి కొట్టించి ఊరు కట్టించారు. మడుగు తవ్వించింది మావాడంటే మావాడని రెండు ఇళ్ళవాళ్ళు నేటికీ వాదించుకుంటారు. తవ్వించలేదు, అది ముందే ఉందని గొల్లవాళ్ళు చెబుతారు. ఆట నడిపేవారికి: మూడింటిలో ఏది నిజమో మీరే నిర్ణయించండి. గొల్లవాళ్ళ మాట నిజమైతే మడుగులో ఎవరున్నారో ముందే ఆలోచించి పెట్టుకోండి."

'ఊరివాళ్ళ మాట' అనే భాగాన్ని మాత్రం వదిలేయకండి. ఈ పుస్తకాలను తెలుగులో రాయబోయేవారు అక్కడ పాత కైఫియత్తుల వాక్యాన్ని వాడుకుంటే బాగుంటుంది. "అరణ్యంగా ఉండగా" లాంటి ఎత్తుగడకు ఉన్న బరువు ఇంగ్లీషు గైడ్‌ని అనువదిస్తే రాదు.

వర్ణక్రమం గురించి కూడా అడిగారు. కైఫీయతు, కైఫియతు, కైఫియత్తు మూడూ రాస్తున్నారు. అచ్చులో నాకు ఎక్కువగా కనిపించింది కైఫియత్తు, బహువచనం కైఫియత్తులు. మొత్తం లోకం గురించిన పెద్ద పుస్తకానికి ఈ మాట వాడొద్దు. ఒక ఊరికి, ఒక సీమకు వాడండి.