రైజ్, రెయిజ్, అరైజ్: ఈ బిట్‌కు జవాబు ఎలా ఎంచుకోవాలి?

చిక్కడపల్లి చదువరి:
సాయంత్రం నుంచీ ఒకే ఇంగ్లిష్ బిట్ దగ్గర ఆగిపోయాను. రైజ్, రెయిజ్, అరైజ్ మూడింటికీ నా దగ్గరున్న నిఘంటువులో లేచు, లేపు, పైకి వచ్చు అంటూ దాదాపు ఒకే అర్థాలు ఉన్నాయి. ఖాళీ పూరించాల్సిన వాక్యం సందేహం గురించి. నేను రెయిజ్డ్ పెట్టాను. కీలో అరిజన్ అని ఇచ్చి వదిలేశారు, వివరణ లేదు. సందేహాలు లేవనెత్తారని రోజూ పేపర్లో చదువుతున్నాం కదా, మరి రెయిజ్డ్ ఎందుకు తప్పయింది? అర్థాలు ఒకటే అయినప్పుడు ఇలాంటి బిట్లు ఇవ్వడం అన్యాయం. రేపు మళ్లీ మాక్ టెస్ట్ ఉంది, ఎవరైనా త్వరగా చెప్పండి.

నిమిషానికో బిట్:
కీ సరైనదే. అరిజన్.

చిక్కడపల్లి చదువరి:
జవాబు కీలోనే ఉందండీ. ఎందుకో కావాలి.

మార్కుల లెక్క:
ఏ పరీక్షకు చదువుతున్నారో చెప్పలేదు. రైల్వే ఎన్‌టీపీసీ (నాన్‌టెక్నికల్ ఉద్యోగాల పరీక్ష) అయితే అసలు ఇంగ్లిష్ విభాగమే లేదు, ఈ శ్రమ వద్దు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారి డిగ్రీ స్థాయి పరీక్ష సీజీఎల్ టైర్–1 (మొదటి దశ) అయితే ఇంగ్లిష్‌లో 25 ప్రశ్నలు, ఒక్కోదానికి 2 మార్కులు, తప్పుకు అర మార్కు కోత. నాలుగు ఆప్షన్లలో రెండింటిని కొట్టేయగలిగితే మిగిలిన రెండింటిలో ఏదో ఒకటి పెట్టేయడమే లాభం: సగటున 0.75 మార్కు వస్తుంది. బ్యాంకు ప్రిలిమ్స్‌లో ఐదు ఆప్షన్లు, పావు మార్కు కోత. అక్కడ గుడ్డిగా పెడితే సగటున వచ్చేది సున్నా. చాలామంది ఈ లెక్క వేసుకోకుండా పదాల జాబితాలు బట్టీ పడుతున్నారు. ముందు నెగటివ్ మార్కుల సంగతి తెలుసుకోవాలి, ఆ తర్వాతే పదాలు.

గుంటూరు మాస్టారు:
చదువరి గారూ, వాక్యం మొత్తం చెప్పండి. ఆప్షన్లు కూడా. క్రియను ఒంటరిగా తీసుకొచ్చి అడిగితే ఎవరూ తేల్చలేరు.

చిక్కడపల్లి చదువరి:
సీజీఎల్ అండీ. వాక్యంలో ప్రత్యేకంగా ఏమీ లేదు. తీవ్రమైన సందేహం అని మొదలై, ఓటర్ల మనసుల్లో అని ముగుస్తుంది. ఖాళీకి ముందు ‘హాజ్’ ఉంది. ఆప్షన్లు అరోజ్, రిజన్, రెయిజ్డ్, అరిజన్.

గుంటూరు మాస్టారు:
‘హాజ్’ తర్వాత ‘బీన్’ ఉందా, లేదా? బిట్ మొత్తం అక్కడే ఉంది.

చిక్కడపల్లి చదువరి:
లేదు. అంత చిన్న మాటతో జవాబు మారిపోతుందా?

గుంటూరు మాస్టారు:
మారిపోతుంది. ‘హాజ్ బీన్’ ఉంటే ఎవరో ఆ సందేహాన్ని లేవనెత్తారని అర్థం, అప్పుడు మీ రెయిజ్డ్ సరిపోయేది. ఇక్కడ ‘బీన్’ లేదు కాబట్టి సందేహం తనంతట తానే తలెత్తింది. మీరు పేపర్లో చదివే రెండు మాటలనే పక్కపక్కన పెట్టి చూడండి: సందేహం తలెత్తింది, సందేహాన్ని లేవనెత్తారు. మొదటిది అరైజ్, రెండోది రెయిజ్. రెయిజ్‌కు కర్మ కావాలి: చెయ్యి, గొంతు, జీతం, ప్రశ్న, ఏదో ఒకటి వెనుక ఉండాలి. మీ ఖాళీ వెనుక ఏ కర్మా లేదు. ఇక అరోజ్ భూతకాల రూపం, ‘హాజ్’ తర్వాత నిలవదు. మిగిలినవి రైజ్ రూపం రిజన్, అరైజ్ రూపం అరిజన్. సూర్యుడు, ధరలు, నీటిమట్టం వీటికి రైజ్ వాడతారు. సమస్య, సందేహం, వివాదం, అవసరం పుట్టుకొస్తే అరైజ్. ఇంగ్లిష్–తెలుగు నిఘంటువు ఒక్కటే పెట్టుకోకండి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ వారి విద్యార్థి నిఘంటువుల్లో క్రియ సకర్మకమో (కర్మ కావాల్సినదో) అకర్మకమో (కర్మ అక్కర్లేనిదో) గుర్తు వేసి ఉంటుంది. అర్థం కంటే ముందు ఆ గుర్తు చూడండి.

వ్యాకరణాభిమాని:
మాస్టారు అసలు విషయం వదిలేశారు. రైజ్ పాత ఇంగ్లిష్ మాట. రెయిజ్ పాత స్కాండినేవియా భాష నార్స్ నుంచి వచ్చి చేరింది. లేచు–లేపు, మునుగు–ముంచు, దిగు–దించు, కాలు–కాల్చు అని మనకున్న జంటల వంటిదే ఇదీ. లై (పడుకొను)–లే (పడుకోబెట్టు), ఫాల్ (పడు)–ఫెల్ (పడగొట్టు) కూడా అంతే. తెలుగులో వీటిని ప్రేరణార్థకాలు అంటారు. ఇది బడిలో సరిగా చెబితే పిల్లలకు ఇంగ్లిష్‌లో ఈ ఇబ్బంది ఉండదు.

గుంటూరు మాస్టారు:
ముంచు, దించు ప్రేరణార్థకాలు కావండీ, సకర్మకాలు. ప్రేరణార్థకం అంటే చేయించు, రాయించు. ఒకరు పురమాయిస్తే మరొకరు చేయాలి.

వ్యాకరణాభిమాని:
లేపేవారు ఒకరు, లేచేవారు ఒకరు. ఇక్కడా ఇద్దరున్నారు కదా!

గుంటూరు మాస్టారు:
లేపు మీద మళ్లీ లేపించు వస్తుంది. అదీ ప్రేరణార్థకం. రెండూ ఒకటైతే ఆ రెండో రూపం ఎందుకు?

నిమిషానికో బిట్:
ఈ చర్చ పరీక్షలో రాదు.

చిక్కడపల్లి చదువరి:
కర్మ ఉందో లేదో చూడాలన్నది అర్థమైంది. థాంక్స్ అండీ. స్టీల్ (దొంగిలించు), రాబ్ (దోచుకొను) తేడా కూడా ఇలాగేనా?

నిమిషానికో బిట్:
కాదు. రెండూ సకర్మకాలే. స్టీల్ తర్వాత పోయిన వస్తువు వస్తుంది. రాబ్ తర్వాత పోగొట్టుకున్న మనిషి గానీ, బ్యాంకు గానీ.

మార్కుల లెక్క:
సీజీఎల్ అన్నారు కాబట్టి ఒక మాట. టైర్–2లో ఇంగ్లిష్ ప్రశ్నకు 3 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. టైర్–1 అలవాటుతో అక్కడ పెట్టుకుంటూ పోకండి.

వ్యాకరణాభిమాని:
మాస్టారూ, అయితే కూర్చోబెట్టు, పడుకోబెట్టు మీ లెక్కలో ఎటు వస్తాయి? లై–లే జంటకు తెలుగులో సరిపోయేది పడుకొను–పడుకోబెట్టు. దాన్ని సకర్మకం అని సరిపెడతారా?