పదకొండేళ్లుగా జట్టును పెంచిన మాస్టారిని మార్చాలా, ఉంచాలా?

వశిష్ఠ_ఒడ్డు:

వచ్చే ఆదివారం మా కబడ్డీ కమిటీ కూర్చుంటోంది. ఏడుగురం సభ్యులం. మాస్టారిని మార్చాలని ముగ్గురు, ఉంచాలని ముగ్గురు. ఏడో ఓటు నాది. ఊళ్లో ఎవరిని అడిగినా ఏదో ఒక పక్షం వాళ్లే, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మాది రాజోలు వైపు, వశిష్ఠ గోదావరి ఒడ్డునున్న లంక ఊరు. 2014లో మాస్టారు అమ్మాయిల జట్టు కట్టినప్పుడు నాకు పదిహేడేళ్లు, లెఫ్ట్ కార్నర్ (కూతకొచ్చినవాళ్లను పట్టే వరుసలో ఎడమ చివర) ఆడేదాన్ని. ఆయన అప్పుడు కాలువ లస్కరు. తెల్లవారకముందే లాకుల దగ్గర పని చూసుకుని, సైకిలు మీద వచ్చి మాకు ఆట నేర్పేవారు. ఆడపిల్లలు నలుగురి ముందు నేల మీద పడి దొర్లడమేమిటని మా అమ్మ గుమ్మంలోనే కేకలేసింది. మాస్టారు అరుగు మీద కూర్చుని, "తీసుకెళ్లేది నేనే, తీసుకొచ్చి నీ గుమ్మంలో దింపేది నేనే తల్లీ" అన్నారు. ఇన్నేళ్లలో ఆ మాట ఒక్కసారి తప్పలేదు. పోటీ ముగిసి రాత్రివేళ రేవు దాటి వచ్చాక, చివరి పిల్ల లోపలికి వెళ్లి తలుపు వేసుకునేదాకా వీధిలో నిలబడే ఉంటారు.

గోదావరి పొంగితే మా కోర్టు మునుగుతుంది. నీరు తీశాక జానెడు ఒండ్రు, దాని నిండా నత్తగుల్లలు. ఆ మట్టిని పిల్లలతో కలిసి తట్టలతో ఎత్తి, ఎండబెట్టి, జల్లెడ పట్టి మళ్లీ పరిచేది ఆయనే. ఉత్త కాళ్లతో ఆడే పిల్లలకు గుచ్చుకోకూడదని చివరికి నేలంతా అరచేత్తో తడిమి చూస్తారు.

ఇంత చేసిన మనిషి. కానీ జట్టు ఓడిపోతోంది. గత రెండు సంక్రాంతులకూ కలిపి తొమ్మిది పోటీలకు వెళ్లాం, ఏడింటిలో మొదటి మ్యాచ్‌కే ఇంటిముఖం పట్టాం. ఒకప్పుడు మా ఊరి పేరు వింటే ఎదుటి జట్టు మొహం చిన్నబోయేది.

ఈ భోగి రాత్రి జరిగిన మ్యాచ్ నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. లైట్ల కింద, మ్యాట్ మీద ఆట. మా పిల్లలకు మ్యాట్ షూలు లేవు, పక్క ఊరి మగపిల్లల దగ్గర అడిగి తెచ్చాం. ముందు భాగంలో గుడ్డపీలికలు కుక్కుకుని తాళ్లు బిగించుకున్నారు. ఆఖరి నిమిషంలో ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. రెండు కూతలు ఖాళీగా పోయాయి, మూడోది డూ ఆర్ డై, పాయింటు తేకపోతే వెళ్లిన రైడర్ ఔట్. అప్పటికే మా పెద్ద రైడర్‌ను అవతలి రైట్ కార్నర్ మూడుసార్లు చీలమండ దగ్గర పట్టేసింది. మొదటి సగంలో రెండు బోనస్‌లు తెచ్చిన పదహారేళ్ల పిల్ల బెంచీ మీద నుంచి లేచి మాస్టారి వైపే చూస్తోంది. ఆయన ఆ పిల్ల వైపు చూడలేదు. పెద్ద రైడర్‌నే పంపారు. వెళ్లిన నాలుగు క్షణాలకే కాలు జారింది, నాలుగోసారీ అదే పట్టు.

తిరుగు ప్రయాణంలో వ్యానులో ఒక్కరు మాట్లాడలేదు. మాస్టారు షూలన్నీ గోనెసంచిలో వేసుకుని, ఆ సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

ఇప్పుడు నరసాపురం వైపు నుంచి ఒక యువకుడు వస్తానంటున్నాడు. పాటియాలాలో కోచింగ్ డిప్లొమా చేశాడు, వారానికి మూడు రోజులు నేర్పుతాడు. రొయ్యల చెరువులున్న పెద్దాయన ఒకరు అతని జీతం తాను ఇస్తానన్నారు, మాస్టారిని తప్పిస్తేనే. గురువు గనుక ఉంచమంటున్నానా, జట్టుకు మేలని ఉంచమంటున్నానా? నాకే తేలడం లేదు.

ఉండి_వంతెన:

అక్కా, మార్చేయండి. గౌరవం వేరు, ఆట వేరు. ఆయనకు శాలువా కప్పి, ఊరంతా కలిసి దండం పెట్టి, జట్టును మాత్రం కొత్త చేతికి ఇవ్వండి.

తెలుగు టైటాన్స్‌నే చూడండి. ప్రో కబడ్డీ 8, 9, 10 సీజన్లలో 66 మ్యాచ్‌లు ఆడి గెలిచినవి 5. మూడుసార్లూ అట్టడుగు స్థానమే. 11వ సీజన్‌కు కృషన్ కుమార్ హుడా కోచ్‌గా వచ్చారు, 22 మ్యాచ్‌ల్లో 12 గెలిచారు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఆ పదహారేళ్ల పిల్లను అలా నిలబెట్టినందుకే నేనైతే మార్చేస్తాను. ఆ పిల్ల రేపు ఆట మానేస్తే ఆ పాపం ఎవరిది?

పాలకొల్లు_పారమట్టా:

చెల్లెమ్మా, నేను మీ అవతలి ఒడ్డువాణ్ని. పాలకొల్లులో పుట్టి, పన్నెండేళ్లుగా సిడ్నీ పక్కన పారమట్టాలో ఉంటున్నాను. మీరు రాసింది రెండుసార్లు చదివాను, ఎందుకంటే సరిగ్గా ఈ వాదన మా వీధిలో ఏళ్ల తరబడి నడిచింది. ఇక్కడి ఆట రగ్బీ లీగ్, మన కబడ్డీకి దూరపు చుట్టం అనుకోండి. జట్టుకు 13 మంది, 80 నిమిషాలు. బంతి పట్టుకుని ఎదుటివాళ్ల మీదకు దూసుకెళ్లాలి. ఆరుసార్లు పట్టుబడేలోపు పాయింటు తేవాలి, లేదంటే బంతి వాళ్ల చేతికి పోతుంది.

ముందు ఉండి తమ్ముడికి ఒక మాట. టైటాన్స్ అట్టడుగున పడి ఉన్న ఆ మూడు సీజన్లలోనూ మూడుసార్లు కోచ్‌లు మారారు. మార్చడమే మందు అయితే మొదటి మార్పుకే లేచి నిలబడాలి కదా?

మా జట్టు పారమట్టా ఈల్స్. మీ మాస్టారు మొదలుపెట్టిన 2014లోనే బ్రాడ్ ఆర్థర్ మాకు కోచ్‌గా వచ్చాడు. 2017లో నాలుగో స్థానం. మరుసటి ఏడు మొదటి ఆరు మ్యాచ్‌లూ ఓడి, చివరికి పట్టికలో అందరికన్నా కింద. తీసేయమని రైల్లో, కిరాణా కొట్లో, ఎక్కడ చూసినా అదే మాట. క్లబ్బు తీసేయలేదు. 2019లో కొత్త స్టేడియంలో నాకౌట్ మ్యాచ్, ఎదురుగా బ్రిస్బేన్. నేను అక్కడే ఉన్నాను. 58-0. ఏడాది కిందట ఇదే కోచ్‌ను తిట్టిన మనిషి నా పక్క సీట్లో కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. 2022లో అదే కోచ్ మమ్మల్ని ఫైనల్‌కు తీసుకెళ్లాడు. పెన్రిత్ చేతిలో 28-12తో ఓడాం, ఆ దెబ్బ ఇంకా మానలేదు. 1986 తర్వాత మాకు టైటిల్ లేదు.

ఆ పెన్రిత్ కథ ఇంకా చెప్పుకోదగ్గది. వాళ్ల కోచ్ ఐవన్ క్లియరీ అలసిపోయినట్టు కనిపిస్తున్నాడని 2015లో అతణ్ని పంపేశారు. 2019లో మళ్లీ పిలిచారు. ఆ ఏడు పదో స్థానమే. ఈసారి ఓపిక పట్టారు. 2021 నుంచి 2024 వరకు వరుసగా నాలుగు టైటిళ్లు! వెస్ట్స్ టైగర్స్ అనే మరో జట్టు అయితే 2022 మధ్యలో కోచ్ మైకేల్ మగ్వైర్‌ను తీసేసింది. ఆ ఏడు, ఆ తర్వాత రెండేళ్లు కూడా అట్టడుగునే మిగిలింది. మగ్వైర్ మాత్రం 2025లో బ్రిస్బేన్‌ను ఛాంపియన్ చేశాడు.

ఇవన్నీ చెప్పి మీ మాస్టారిని కళ్లు మూసుకుని ఉంచండని అనను. 2024 మేలో మా ఆర్థర్‌నూ తీసేశారు. ఆటను నడిపే మిచెల్ మోసెస్ కాలి గాయంతో వారాల తరబడి బయటే ఉన్నాడు, అందులో కోచ్ తప్పు లేదు. అయినా పదకొండో ఏట మా ఎత్తులు ఎదుటివాళ్లకు కంఠస్థం అయిపోయాయని నాకే అనిపించింది. తీసేశాక మాత్రం ఏమైంది? 17 జట్లలో 15వ స్థానం. 2025లో కొత్త కోచ్ జేసన్ రైల్స్ మొదటి మ్యాచ్‌లో 56-18తో ఓటమి. కొత్త మనిషి వచ్చినా ముందు ఆ పిల్లల కాళ్లూ చేతులూ తెలుసుకోవాలి, దానికి ఒక సంక్రాంతి పోతుంది.

నేను అడిగేది ఒక్కటే. భోగి రాత్రి తర్వాత మాస్టారు మైదానంలో ఏదైనా మార్చారా? ఆ బెంచీ పిల్లతో మాట్లాడారా? మాట్లాడి ఉంటే ఉంచండి. నేను తప్పు చేయలేదు అంటే మాత్రం నా ఓటు వేరు.

తణుకు_పీఈటీ:

అమ్మా, నేను ముప్పై రెండేళ్లు పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. ఇద్దరూ కోచ్ గురించే మాట్లాడుతున్నారు. నాకు మీ పోస్టులో కనబడింది షూ.

గుడ్డపీలికలు కుక్కారని మీరే రాశారు. నాలుగు క్షణాల్లో కాలు జారిందనీ మీరే రాశారు. మట్టి మీద రైడర్ బొటనవేలితో నేలను పట్టుకుని వెనక్కి తిరుగుతుంది. మ్యాట్ మీద ఆ వేలు షూ లోపల ఉంటుంది. షూ వదులైతే మడమ లోపలే తిరిగిపోతుంది, కాలు మాత్రం అక్కడే మిగులుతుంది. అవతలి కార్నర్‌కు ఇక పని ఏముంది, వంగి పట్టుకోవడమే. డిఫెన్స్‌కూ అంతే. మట్టిలో కాలు తన్ని ఆపే అలవాటున్న పిల్ల మ్యాట్ మీద ఆ బలాన్ని ఎక్కడ ఆనించాలో తెలియక తూలుతుంది. ఇప్పుడు పేరున్న పోటీలన్నీ మ్యాట్ మీదకు వచ్చేశాయి. మీ పిల్లలు ఏడాదంతా ఒక ఆట సాధన చేసి, సంక్రాంతికి వేరే ఆట ఆడుతున్నారు. పాటియాలా నుంచి ఎవరొచ్చినా ఆ షూలతో అదే ఫలితం.

మహిళల కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. మీటరు చదరపు మ్యాట్ పలకలైతే 96 కావాలి. దాత దగ్గర డబ్బుంటే, జీతానికి బదులు దీనికి ఇవ్వగలరేమో అడగండి. అంతవరకు ఏదైనా కాలేజీ మ్యాట్ మీద నెలకు నాలుగు రోజులు ఆడించే ఏర్పాటు చూడండి.

మూడో కూత సంగతి మాత్రం మాస్టారి తప్పే. ప్రేమగా పెంచిన పిల్లను పక్కన కూర్చోబెట్టడం చాలామందికి చేతకాదు, నాకూ చేతనయ్యేది కాదు. దానికి బెంచీ మీద మరో మనిషి కావాలి.

ఉండి_వంతెన:

షూ విషయం నేను గమనించలేదు, మాస్టారూ. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఆ పిల్లకు ఆట దక్కాలి, దాని మీద నేను మాట మార్చను.

వశిష్ఠ_ఒడ్డు:

మీ అందరికీ నమస్కారం. నిన్న సమావేశం అయింది. రాయడానికి ఈరోజు దాకా కుదరలేదు.

ముందురోజు సాయంత్రం నేను మాస్టారి ఇంటికి వెళ్లాను. పాలకొల్లు అన్నయ్య అడగమన్న ప్రశ్నే అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికి వెళ్లి ఒక నోటు పుస్తకం తెచ్చారు. భోగి మ్యాచ్‌లో ఎవరు ఎన్ని కూతలకు వెళ్లారో, ఎక్కడ పట్టుబడ్డారో, మర్నాడే కూర్చుని రాసుకున్నారట. పెద్ద రైడర్ పేరు ఎదురుగా నాలుగుసార్లు "కుడి మూల" అని ఉంది. నాలుగోదాని కింద గీత. "చిన్నదాన్ని పంపవలసింది. దాని మొహం చూస్తే పంపేస్తానని చూడలేదు" అన్నారు. ఇది ఆయన నోటితో అన్న మాట, ఒక్క అక్షరం కలపలేదు.

ఓటు 4-3. మాస్టారు ఉంటున్నారు, వచ్చే సంక్రాంతి దాకా. మ్యాచ్‌లో ఆయన పక్కన బెంచీ మీద నేను కూర్చుంటాను, మూడో కూతకు ఎవరు వెళ్లాలో నేను చెబుతాను. ఈ షరతు పెట్టింది కమిటీ కాదు, మాస్టారే. నరసాపురం కోచ్‌తో ఫోనులో మాట్లాడాం, నెలకు రెండు రోజులు మ్యాట్ మీద మెలకువలు చూపించడానికి ఒప్పుకున్నాడు. రొయ్యల చెరువుల పెద్దాయన కోపంగా లేచి వెళ్లిపోయారు, ఆయన డబ్బు వస్తుందని నేను అనుకోవడం లేదు.

ఈ ఉదయం పిల్లలందరినీ కాగితాల మీద నిలబెట్టి పాదాల కొలత గీశాను. పన్నెండు మందిలో ఎనిమిది మందికి షూలు నాలుగో సైజు, ముగ్గురికి ఐదో సైజు. ఆ పదహారేళ్ల పిల్లకు మూడే. వాడిన మ్యాట్ షూలైనా సరే, ఈ సైజులు ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ రాయండి. రేవు దాకా నేనే వచ్చి తీసుకుంటాను.