మొదటిది సిజేరియన్, రెండోది నార్మల్‌కి ప్రయత్నించవచ్చా?

మా బాబుకి మూడేళ్లు. ఎదురుకాళ్లతో ఉన్నాడని నొప్పులు రాకముందే ఆపరేషన్ చేశారు. ఇప్పుడు మళ్లీ ఎనిమిదో నెల, బిడ్డ తల కిందికే ఉందట. నార్మల్‌ కావాలంటే మా అత్తగారు "కుట్లు విడిపోతాయమ్మా" అంటున్నారు. డాక్టరుగారేమో "చూద్దాం" తప్ప ఇంకో మాట అనరు. ఆ మాటతోనే టెన్షన్. డాక్టరుగారిని ఏం అడగాలి?

జవాబు:
నేను లేబర్ రూమ్ నర్సునండి. ముందు పాత డిశ్చార్జ్ సమ్మరీ తీయండి. చర్మం మీద గాటు అడ్డంగా ఉందని సంబరపడొద్దు, లోపల గర్భసంచిని ఎలా కోశారన్నదే లెక్క. కిందిభాగంలో అడ్డంగా కోస్తే ప్రయత్నించవచ్చు. పైభాగంలో నిలువుగా కోస్తే మాత్రం వద్దు.

మీ అత్తగారి భయం ఉత్తది కాదు. కాకపోతే గర్భసంచి మీది పాత కుట్టు అలా చీలేది సుమారు 200 మందిలో ఒకరికి. ప్రయత్నించినవాళ్లలో 100కి 70 మందికి పైగా నార్మల్ అవుతుంది. నొప్పులు పడి పడి మధ్యలో ఆగిపోయి ఆపరేషన్ అయినవాళ్ల కన్నా మీకు అవకాశం ఎక్కువే.

ఇక ఆ "చూద్దాం" సంగతి. అర్ధరాత్రి నొప్పులొస్తే మత్తు డాక్టరు అక్కడే ఉంటారా, ఫోన్ చేస్తే వస్తారా? థియేటర్, రక్తం సిద్ధంగా ఉంటాయా? బిడ్డ గుండె చప్పుడు మానిటర్‌లో ఆపకుండా చూస్తారా? వీటికి నీళ్లు నమిలితే ఆసుపత్రి మార్చండి. మొహమాటం వద్దు.

ఇంకొకరు:
నేను ప్రయత్నించి, చివరికి మళ్లీ ఆపరేషన్ చేయించుకున్నదాన్ని. డేట్ దాటినా నొప్పులు రాలేదు. అలాగైతే ఏం చేస్తారో కూడా ఇప్పుడే అడగండి. మందుతో నొప్పులు తెప్పిస్తే చీలే ప్రమాదం రెండు మూడు రెట్లు పెరుగుతుందని మా డాక్టరు చెప్పాకే నేను థియేటర్‌కి సరేనన్నాను. నొప్పులు తెప్పించే మిసోప్రోస్టాల్ బిళ్ల వాడకూడదని ఫైల్లో రాయించండి.

అడిగినావిడ:
థాంక్స్ అక్కా. సమ్మరీలో "కిందిభాగం, అడ్డకోత" అనే ఉంది! ఎపిడ్యూరల్ (పురిటినొప్పులు తెలియకుండా నడుములో ఇచ్చే మత్తు) తీసుకుంటే చీలినా నొప్పి తెలియదంటున్నారు, నిజమేనా?

నర్సు:
తీసుకోవచ్చండి. చీలిక ఎక్కువగా ముందు బిడ్డ గుండె చప్పుడులోనే బయటపడుతుంది, మానిటర్ గురించి అంత గట్టిగా చెప్పింది అందుకే. రక్తం పోతున్నా, నొప్పికీ నొప్పికీ మధ్య కూడా కడుపునొప్పి తగ్గకపోయినా, వస్తున్న నొప్పులు హఠాత్తుగా ఆగినా వెంటనే చెప్పండి. నొప్పులు మొదలయ్యాక ఇంట్లో ఓర్చుకుంటూ కూర్చోకండి, బయల్దేరిపోండి.