కొండ నడకకూ రాతి ఎక్కుడుకూ కలిపి ఒకే బ్యాక్‌ప్యాక్: నాలుగు వేలలో ఏది మన్నుతుంది?

ప్రశ్న:
వచ్చే నెల భువనగిరి కొండపై రాక్ క్లైంబింగ్ ప్రాథమిక శిక్షణకు, డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్కుకు వెళ్తున్నాను. రెండింటికీ పనికొచ్చే సంచి ఒకటే కొనాలని ఉంది. నాలుగు వేల రూపాయలకు మించి పెట్టలేను. దుకాణాల్లో అరవై లీటర్ల సంచులే ముందుగా చూపిస్తున్నారు. ఎన్ని లీటర్లు సరిపోతాయో, ఎలాంటి గుడ్డ ఎక్కువ కాలం నిలుస్తుందో అనుభవజ్ఞులు తెలుపగలరు.

మొదటి జవాబు:
లీటర్ల కంటే ముందు మీ వీపు పొడవు చూసుకోండి. తల వంచినప్పుడు మెడ కింద పొడుచుకు వచ్చే ఎముక నుండి, నడుము ఎముకల మీద చేతులు ఆనించినప్పుడు రెండు బొటనవేళ్ల మధ్య వచ్చే గీత వరకు టేపుతో కొలవండి. సంచి ఆ కొలతకు సరిపోతేనే నడుము పట్టీ తుంటి ఎముకల మీద కూర్చుని బరువులో ఎక్కువ భాగాన్ని మోస్తుంది. లేకపోతే ఎంత ఖరీదైన సంచి అయినా భారమంతా భుజాల మీదే పడుతుంది. దుకాణంలో ఎనిమిది, పది కిలోల బరువు వేయించుకుని, కాసేపు మెట్లెక్కి దిగి చూడండి. ఖాళీ సంచి అందరికీ హాయిగానే ఉంటుంది.

రెండవ జవాబు:
గుడ్డ సంగతి నేను చెబుతాను. డెనియర్ అంటే తొమ్మిది వేల మీటర్ల దారం బరువు గ్రాములలో. అంకె పెరిగేకొద్దీ దారం లావవుతుంది. అయితే 420 డెనియర్ నైలాన్ రాపిడికి తట్టుకున్నంతగా 600 డెనియర్ పాలిస్టర్ తట్టుకుంటుందని అనుకోకూడదు, కనుక అంకెతోపాటు ఏ దారమో కూడా అడగండి. భువనగిరిది గరుకు గ్రానైటు, ముందుగా అరిగేది సంచి అడుగే, అందువల్ల అక్కడ రెండు పొరల గుడ్డ ఉండాలి. భుజపట్టీ సంచితో కలిసే చోట దారం పదేపదే వెనక్కూ ముందుకూ నడిచిన కుట్టు ఉందో లేదో వేలితో తడిమి చూడండి. చవక సంచులు ఎక్కువగా ఊడేది అక్కడే.

అడిగినవారు:
నా వీపు కొలత 42 సెంటీమీటర్లు వచ్చింది. అయితే 60 లీటర్ల సంచి వద్దంటారా?

మూడవ జవాబు:
వద్దండీ. కేదార్‌కంఠకు నిర్వాహకుల బృందంతో వెళ్తే గుడారం, వంట సామాను సాధారణంగా వారే చూసుకుంటారు, మీరు మోసేది దుస్తులు, నీళ్లు, చిన్న వస్తువులే కనుక 40 నుండి 45 లీటర్లు చాలు. పెద్ద సంచి ఉంటే అనవసరమైనవి కూడా అందులోకి చేరిపోతాయి. భువనగిరిలో 60 మీటర్ల తాడు మీవంతు వస్తే అదొక్కటే దాదాపు నాలుగు కిలోలు, దానికీ ఈ సంచి సరిపోతుంది.

రాతి మీద చిక్కు వేరే ఉంది. నడుము పట్టీ హార్నెస్‌కు (తాడు తగిలించుకోవడానికి నడుముకూ తొడలకూ కట్టుకునే పట్టీలు) అడ్డం వస్తుంది, పైకి చూసినప్పుడు సంచి తలభాగం హెల్మెట్‌కు తగులుతుంది, పక్క జేబులు రాతి అంచులకు పట్టుకుంటాయి. కాబట్టి నడుము పట్టీ విప్పదగినది, సన్నగా, నిటారుగా ఉన్నది ఎంచుకోండి. నాలుగు వేలకు ఇవన్నీ ఒకే సంచిలో దొరక్కపోతే వీపు కొలతకు సరిపోయే నడక సంచినే కొనండి, ఎందుకంటే శిక్షణలో సంచిని సాధారణంగా కొండ కిందే ఉంచి ఎక్కుతారు. వర్షపు కవరు గాలికి ఎగిరిపోతుంది, లోపల ఒక మందమైన పాలిథీన్ సంచి పరిచి సామాను అందులో సర్దండి. తిరిగి వచ్చాక మాత్రం తడి సంచిని మడిచి అటక మీద పెట్టవద్దు; మన ఉక్కపోతకు లోపలి పూత జిగటగా మారి పొరలుగా ఊడిపోతుంది. చేత్తో కడిగి నీడలో ఆరబెట్టండి.